మేకల్లో పైకి కనిపించని పొదుగు వాపు: ప్యాడిల్ టెస్టులో దాదాపు అన్నీ చిక్కబడుతున్నాయి, ఏది నమ్మాలి?

శంషాబాద్_జీవాలు

అందరికీ నమస్తే. శంషాబాద్ దగ్గర మా షెడ్డులో 14 పాడి మేకలున్నాయి. ఎక్కువగా బీటల్, సిరోహి, రెండు సానెన్ క్రాస్. చేత్తోనే పిండుతాం. పొద్దున పిల్లలను వదలకముందు ఒకసారి తీస్తాం, తర్వాత పగలంతా పిల్లలు తల్లుల వెంటే ఉంటాయి. పాలు అత్తాపూర్, మెహదీపట్నం ఇళ్లకు వెళ్తాయి. వానాకాలం కదా, డెంగీ భయంతో అడిగేవాళ్లు బాగా పెరిగారు.

కొన్ని మేకల పాలు తగ్గాయి. పొదుగు చూస్తే వాపు లేదు, వేడి లేదు. పట్టుకుంటే తన్నడం లేదు, పాలలో పలుకులూ లేవు. కానీ రోజూ తీసుకునేవాళ్లలో ఒకరు పాలు ఉప్పగా ఉన్నాయన్నారు, ఇంకొకరు కాచగానే విరిగాయన్నారు. పొదుగు వాపు పైకి కనిపించకుండా లోపలే ఉంటుందని తెలిసి నాలుగు గిన్నెల ప్యాడిల్, సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్, అంటే ద్రావణం కలిపి పాలు చిక్కబడతాయా అని చూసే పొదుగు వాపు పరీక్ష) ద్రావణం తెచ్చి చూశాం. 14లో 11 మేకల పాలు ఎంతో కొంత చిక్కబడ్డాయి. కిట్టుతో వచ్చిన కార్డు లెక్కన మందకు మందే జబ్బుతో ఉన్నట్టు. మందుల షాపతను అన్నిటికీ పొదుగులో యాంటీబయాటిక్ ట్యూబులు ఎక్కించమంటున్నాడు.

నిజంగా అన్నిటికీ ఉన్నట్టేనా? కిట్టు లేకుండా రోజూ గమనించే పద్ధతి ఏదైనా ఉందా? ల్యాబుకు పంపాలంటే పాలు ఎలా తియ్యాలి, ఎక్కడ ఇవ్వాలి? ఈలోపు పాలు అమ్మొచ్చా?

చిన్నజీవాల_డాక్టర్

ట్యూబుల జోలికి ఇప్పుడే పోకండి. ఆ కార్డు ఆవు పాలకు రాసింది, దాన్ని మేక మీద యథాతథంగా పెడితే మంచి మేకలు కూడా జబ్బువే అనిపిస్తాయి.

ఆవు పాలలో మిల్లీలీటరుకు 2 లక్షల కణాలు దాటితే అనుమానిస్తాం. ఏ ఇన్ఫెక్షనూ లేని మేక పాలలో కూడా తెల్ల రక్తకణాలు దీనికన్నా చాలా ఎక్కువ ఉంటాయి. పాడి చివరికొచ్చేసరికి 10 లక్షలు దాటడం కూడా మామూలే. అమెరికాలో 'గ్రేడ్ A' ఆవు పాలకు హద్దు 7.5 లక్షలు పెట్టి, మేక పాలకు 15 లక్షలు పెట్టడానికి కారణం ఇదే. నాలుగైదు ఈతలైన మేక, ఎదకొచ్చిన మేక, వట్టిపోతున్న మేక, చోటు మారి బెదిరిన మేక, వీటన్నిటిలో లెక్క పెరుగుతుంది. అందుకని మేకలో ట్రేస్, 1 అన్న తక్కువ రీడింగులు (గ్రేడులు కింద చెప్పాను) ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం.

కానీ పైన చెప్పిన కారణాలన్నీ రెండు వైపులా ఒకేలా పనిచేస్తాయి. సూక్ష్మజీవి అలా కాదు, చన్ను రంధ్రంలోంచి ఏదో ఒక పక్కకు ముందు దూరుతుంది. మేక పొదుగులో రెండు సగాలూ పూర్తిగా వేరు, ఒక పక్క పాలు రెండో పక్కకు పోవు. కాబట్టి కుడినీ ఎడమనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండిటి మధ్య ఒక గ్రేడు తేడా ఉంటే ఆ పక్కను అనుమానించండి. రెండు గ్రేడుల తేడా ఉంటే ల్యాబుకు పంపాల్సిందే. రెండు వైపులా సమానంగా ట్రేస్ గానీ 1 గానీ ఉండి, పాలు తగ్గకపోతే దాన్ని వదిలెయ్యండి.

ఇక టెస్టు చేసే తీరు. పాలు పిండకముందు, పిల్ల నోరు పెట్టకముందు చెయ్యాలి. ఆఖర్న పిండే పాలలో కణాలు ఎక్కువ కాబట్టి ఒక మేకకు ముందు పాలు, ఇంకో మేకకు ఆఖరి పాలు తీస్తే పోలికే ఉండదు. మొదటి మూడు నాలుగు ధారలు నల్లటి గిన్నెలోకి పిండి చూడండి. పలుకులు, తీగలు, నీళ్ల విరుగుడు కనిపిస్తే అది దాగిన జబ్బు దశ దాటినట్టే, టెస్టుతో పనిలేదు, డాక్టరుకు చూపించండి. ఏమీ లేకపోతే తర్వాతి ధారలను ఎడమ చన్నువి ఒక గిన్నెలోకి, కుడి చన్నువి పక్క గిన్నెలోకి పట్టండి. ప్యాడిల్ పిడి ఎప్పుడూ ఒకే దిక్కున ఉంచితే ఎడమ, కుడి తారుమారు కావు. ప్యాడిల్‌ను గీత దాకా వంచి ఎక్కువైన పాలు ఒలకబొయ్యండి, గిన్నెకు దాదాపు 2 మి.లీ. మిగులుతాయి. ద్రావణం కూడా కచ్చితంగా అంతే పొయ్యాలి. పాలు ఎక్కువై ద్రావణం తక్కువైతే జబ్బు పాలు కూడా పల్చగా కనిపిస్తాయి.

ప్యాడిల్‌ను నేలకు సమంగా పట్టుకుని 10 సెకన్లు గుండ్రంగా తిప్పండి. తిప్పుతూనే చూడాలి. 20 సెకన్లు దాటితే కట్టిన జిగురు విడిపోయి గ్రేడు తగ్గినట్టు మోసం చేస్తుంది. నీళ్లలా జారితే నెగెటివ్. పల్చటి జిగురు కనిపించి తిప్పుతుంటే మాయమైతే ట్రేస్. చిక్కదనం నిలిచి ఉండి ముద్ద కట్టకపోతే 1. వెంటనే గట్టిపడి, తిప్పుతుంటే మధ్యకు చేరి, గిన్నె అంచు దగ్గర అడుగు బయటపడితే 2. గుడ్డు తెల్లసొనలా ముద్దై, మధ్యలో ఉబ్బెత్తుగా నిలిచి, గిన్నె వంచినా అడుగు వదలకపోతే 3.

ఇక్కడ జరుగుతున్నది ఏమిటంటే, ద్రావణంలోని డిటర్జెంట్ కణాల గోడలు పగలగొడుతుంది, లోపలి డీఎన్ఏ బయటికొచ్చి జిగురు కడుతుంది. ఊదారంగు కేవలం పాల క్షారగుణం చూపించడానికి వేసిన బ్రోమోక్రెసాల్ పర్పుల్. రంగు ముదిరితే అనుమానానికి బలం వస్తుంది గానీ గ్రేడు మాత్రం చిక్కదనం చూసే ఇవ్వండి.

ఇంకో మాట. ఎప్పుడైనా కణాల లెక్కకు మెషిన్ ఉన్న ల్యాబుకు పంపితే, డీఎన్ఏకు రంగు పట్టించి లెక్కపెట్టే మెషినేనా అని అడగండి. మేక పాలలో పాల గ్రంథి కణాల నుంచి తెగిపడిన ముక్కలు సహజంగానే చాలా ఉంటాయి. వాటి సైజు తెల్లకణాలంతే ఉంటుంది, లోపల కేంద్రకం ఉండదు. సైజు చూసి లెక్కపెట్టే మెషిన్ వాటిని కూడా కలిపేసి భయపెట్టే అంకె ఇస్తుంది. సీఎంటీకి ఈ ఇబ్బంది లేదు, ఆ ముక్కల్లో డీఎన్ఏ లేదు కాబట్టి జిగురు రాదు.

ఈనిన మొదటి వారం టెస్టు చెయ్యకండి, ముర్రుపాలు అన్నిట్లోనూ ముద్ద కడతాయి. మేక మేకకూ ప్యాడిల్ నీళ్లతో కడిగి దులపండి.

చేవెళ్ల_పాడి

డాక్టర్ గారు చెప్పినదానికి రోజువారీ పద్ధతులు కొన్ని కలుపుతున్నా.

కిట్టు ద్రావణం అయిపోతే బట్టల పొడితో 3 శాతం ద్రావణం చేసుకోవచ్చు. అర లీటరు నీళ్లలో 15 గ్రాముల డిటర్జెంట్ పొడి వేసి, నురుగు లేపకుండా కలిపి, తేరాక వాడండి. చెంచాతో కొలవకుండా వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. పాలెంతో ద్రావణం అంత. సూత్రం అదే, డిటర్జెంట్ కణాలను పగలగొడుతుంది. రంగు మారదు కాబట్టి వెలుతురులో, తెల్ల గిన్నెలో చూడాలి. పొడి పొడికీ బలం మారుతుంది, కొత్త ప్యాకెట్ మొదలుపెట్టినప్పుడు గట్టిగా పాజిటివ్ అని ఇంతకుముందే తెలిసిన పాలు, శుభ్రమైన పాలు రెండిటితోనూ ఒకసారి సరిచూసుకోండి. టెస్టు చేసిన పాలు కుక్కలకు, పిల్లలకు అందకుండా దూరంగా పారబొయ్యండి.

వారానికోసారి రెండు చన్నుల పాలు వేరు వేరు గిన్నెల్లోకి పిండి తూచండి. లోపల ఇన్ఫెక్షన్ ఉన్న పక్క పాలు ముందుగా తగ్గుతాయి, మొత్తం కలిపి తూస్తే ఆ తేడా దొరకదు. ఒక చిక్కుంది: ఒంటి పిల్ల ఉన్న మేకలో పిల్ల ఒకే చన్నుకు అలవాటు పడుతుంది. అప్పుడు తేడా పిల్ల వల్ల వచ్చిందా, జబ్బు వల్ల వచ్చిందా తెలియదు. తూచేముందు రాత్రి పిల్లను విడిగా కట్టి పొద్దున తియ్యండి.

పిండడం అయ్యాక ఖాళీ పొదుగును రెండు చేతులతో నొక్కి చూడటం కూడా మంచి పరీక్షే. పాలు నిండుగా ఉన్నప్పుడు ఏ గడ్డా చేతికి తగలదు. ఖాళీ అయ్యాక రెండు పక్కలూ మెత్తగా వేలాడాలి. ఒక పక్క బిగుసుకుని ఉన్నా, లోపల గోళీల్లా తగిలినా, చన్ను మొదట్లో తాడులా తగిలినా రాసి పెట్టుకోండి.

ఉప్పదనం సంగతి: పొదుగు లోపల వాచినప్పుడు రక్తంలోని సోడియం, క్లోరైడు పాలలోకి కారతాయి, లాక్టోజు తగ్గుతుంది, అందుకే తీపి పోయి ఉప్పగా తగులుతాయి. ఏ మేకదో తెలుసుకోవాలంటే చన్నుకో చెంచా చొప్పున వేరుగా కాచి రుచి చూడండి. పచ్చి పాలు నాలుక మీద వేసుకోవద్దు, మేక పాలతో బ్రూసెల్లా జ్వరం వస్తుంది. కండక్టివిటీ మీటర్ (పాలలో కరెంటు ఎంత పారుతుందో కొలిచేది) పట్టుకునేది కూడా ఈ ఉప్పునే. కొన్నా కొనకపోయినా దాన్ని మేకలో కుడి ఎడమలు పోల్చడానికే వాడాలి, దాని తెర మీది హద్దు ఆవుది.

విరగడానికి మాత్రం వెంటనే పొదుగునే అనకండి. మేక పాలు వేడికి ఆవు పాలంత తట్టుకోవు, కొంచెం పులిసినా కాచగానే విరుగుతాయి. పిండిన చోటే ఒక్కో మేక పాలు ఒక గరిటెడు కాచి చూడండి. అక్కడే విరిగితే ఆ మేకను చూడాలి. అక్కడ బాగుండి మెహదీపట్నంలో విరిగితే క్యాన్ల కడుగుడు, ఐసు లేకపోవడం చూడాలి. పిండిన వెంటనే క్యాన్‌ను ఐసు నీళ్ల టబ్బులో దించితే చాలావరకు ఆగుతుంది.

శంషాబాద్_జీవాలు

చాలా థాంక్సండీ. చెప్పినట్టు మళ్లీ చేశాం. మూడు మేకల్లో మాత్రం ఒక పక్క 2 గానీ 3 గానీ, రెండో పక్క నెగెటివ్ లేక ట్రేస్. అందులో ఒకటి తొలి ఈత మేక, ఇంకోదానికి పిండాక కుడి పక్క గడ్డలు చేతికి తగులుతున్నాయి. ఒక సానెన్ క్రాస్‌కు రెండు పక్కలా సమానంగా 2, అది ఈనినప్పటి నుంచి పొదుగు బిగువుగానే ఉంది, పాలు తక్కువ. మిగతావన్నీ రెండు వైపులా సమానంగా ట్రేస్, 1. ఈ నాలుగిటి పాలు ల్యాబుకు పంపుతాం. ఎలా తియ్యాలి?

ల్యాబు_పని

కల్చర్‌కు (పాలలోని సూక్ష్మజీవిని ప్లేటు మీద పెంచి ఏదో గుర్తించే పరీక్షకు) పంపే పాలు ల్యాబు కన్నా షెడ్డులోనే ఎక్కువ పాడవుతాయి. పేడ సూక్ష్మజీవులు పడితే ప్లేటు మీద నాలుగైదు రకాలు కలగాపులగంగా పెరుగుతాయి, అప్పుడు రిపోర్టులో 'కలుషితమైంది, మళ్లీ పంపండి' అని తప్ప ఏమీ రాయలేం.

మూత బిగుతుగా ఉండే స్టెరైల్ గొట్టాలు తీసుకోండి, దొరక్కపోతే మందుల షాపులో యూరిన్ కల్చర్‌కు ఇచ్చే సీలు వేసిన డబ్బా చాలు. చన్నుకొక డబ్బా, రెండు వైపుల పాలు కలపకూడదు. పొదుగు మురికిగా లేకపోతే కడగకండి, పొడి బట్టతో దులిపితే చాలు. కడిగితే చుక్క కూడా మిగలకుండా తుడవాలి, ఎందుకంటే పొదుగు మీంచి కారే నీటిచుక్క నేరుగా డబ్బాలో పడుతుంది. తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లో ముంచిన దూదితో చన్ను కొనను, ముఖ్యంగా రంధ్రం ఉన్న చోటును రుద్దండి. దూదికి మురికి అంటనంతవరకు కొత్త దూది మారుస్తూ ఉండండి. అర నిమిషం ఆరనివ్వండి.

వరస ముఖ్యం. మీకు దూరంగా ఉన్న చన్ను ముందు శుభ్రం చేసి, దగ్గరిది తర్వాత చెయ్యండి. పాలు తీసేటప్పుడు దగ్గరిది ముందు, దూరపుది తర్వాత. ఇలా చేస్తే శుభ్రం చేసిన చన్నుకు మీ మోచెయ్యి తగలదు. మొదటి మూడు ధారలు పారబోసి, డబ్బాను నిలువుగా కాకుండా వాలుగా పట్టుకుని 5 మి.లీ. పిండండి. నిలువుగా పెడితే పొదుగు మీది వెంట్రుక, దుమ్ము లోపల పడతాయి. మూతను కింద పెట్టకండి, లోపలి వైపు కిందికి ఉండేలా వేళ్ల మధ్యే పట్టుకోండి.

డబ్బా మీద చెవి నంబరు, ఎడమ లేక కుడి, తేదీ. వేరే కాగితం మీద సీఎంటీ గ్రేడు, ఈని ఎన్నాళ్లైంది, ఎన్నో ఈత, ఆఖరుసారి ఏ యాంటీబయాటిక్ ఎప్పుడిచ్చారు. మందు ఇచ్చాక తీసిన పాలు పంపితే సూక్ష్మజీవి లోపల ఉన్నా ప్లేటు మీద పెరగకపోవచ్చు. ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచి 24 గంటల్లోపు చేర్చండి. ఆదివారం అడ్డొస్తే ఫ్రీజర్‌లో గడ్డకట్టించొచ్చు. స్టాఫిలోకాకస్ రకాల సూక్ష్మజీవులు తట్టుకుంటాయి, పేడలో ఉండే కోలిఫాం రకాలు మాత్రం తగ్గుతాయి, కాబట్టి గడ్డకట్టించామని కాగితం మీద రాయండి.

ల్యాబును రెండు అడగండి: కల్చర్, దాని మీద యాంటీబయాటిక్ సెన్సిటివిటీ (ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష). మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి మీద అనుమానం ఉంటే విడిగా చెప్పాలి, అది కల్చర్‌కు వాడే మామూలు బ్లడ్ అగార్ ప్లేటు మీద పెరగదు. కల్చర్‌లో ఏమీ రాకపోతే జబ్బు లేదని కూడా అనుకోవద్దు. స్టాఫిలోకాకస్ ఆరియస్ రోజూ పాలలోకి రాదు, వస్తూ ఆగుతూ ఉంటుంది. సీఎంటీ 3 ఉండి కల్చర్ ఖాళీగా వస్తే, కొన్ని రోజుల ఎడంతో మళ్లీ రెండుసార్లు పంపండి.

మీకు దగ్గర రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ. సిటీలో శాంతినగర్ దగ్గర వి.బి.ఆర్.ఐ. (వెటర్నరీ బయలాజికల్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్) ఉంది. రెండిటికీ వెళ్లేముందు ఫోన్ చేసి ఏ రోజు, ఏ టైముకు తీసుకుంటారో అడగండి, మీ మండలం పశువైద్యాధికారి దగ్గర చీటీ రాయించుకుంటే పని సులువు. మేకలను కదిలించలేని పరిస్థితి వస్తే 1962కు కొడితే సంచార వైద్యశాల వస్తుంది.

చిన్నజీవాల_డాక్టర్

ఇక రిపోర్టు వచ్చాక ఏం చెయ్యాలో.

మేకల్లో ఎక్కువగా వచ్చేవి ఆరియస్ కాని స్టాఫిలోకాకస్ రకాలు. చాలావరకు పాలు తగ్గించడంతో సరిపెడతాయి, కొన్ని వాటంతటవే పోతాయి కూడా. పాడి నడుస్తుండగా వీటికి తొందరపడనక్కర్లేదు. వట్టిపోయించే రోజు ట్యూబు ఎక్కిస్తే అప్పుడు బాగా నయమవుతాయి. మేక చూలు 150 రోజులు కాబట్టి మూడో నెల చివర పాలు ఆపితే ఈనడానికి 60 రోజుల విరామం దొరుకుతుంది.

ఆరియస్ వస్తే లెక్క మారుతుంది. అది పిండే చేతుల ద్వారా, తుడిచే గుడ్డ ద్వారా మేక నుంచి మేకకు పాకుతుంది, పొదుగు లోపల గడ్డలు కట్టి మందు అందని చోట కూర్చుంటుంది. మీ గడ్డల మేకకు అదే తేలితే వైద్యం మీద ఖర్చు పెట్టడం కన్నా మందలోంచి తీసెయ్యడమే నేను చెప్పేది. దాన్ని ఉంచుకుని తొలి ఈత మేకలను పోగొట్టుకోవద్దు. ఆరియస్ ఒక్కోసారి ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. పొదుగు ఒక పక్క చల్లబడి నీలంగా మారితే అది గంటల్లో ప్రాణం మీదికొచ్చే రకం, రిపోర్టు కోసం ఆగకుండా డాక్టరును పిలవండి.

రెండు పక్కలా బిగువుగా ఉన్న సానెన్ క్రాస్‌కు కల్చర్ ఖాళీగా వస్తే రక్తం తీసి సీఏఈ (మేకల్లో కీళ్లకు, మెదడుకు వాపు తెచ్చే) వైరస్‌కు ఎలీసా అనే రక్తపరీక్ష చేయించండి. విదేశీ పాడి జాతుల్లో ఎక్కువ కనిపించే జబ్బు ఇది. పొదుగు గట్టిపడి పాలు రావు, కొన్నిటికి మోకీళ్లు వాస్తాయి. ఏ ట్యూబూ పనిచెయ్యదు. ముఖ్యంగా ముర్రుపాలు, పాల ద్వారా పిల్లలకు అంటుతుంది, కాబట్టి ఫలితం వచ్చేదాకా దాని పాలు వేరే మేకల పిల్లలను తాగనివ్వకండి.

ట్యూబు ఎక్కించాల్సి వస్తే ఒక పక్కకు ఒక పూర్తి ట్యూబు. మేక చిన్నదని ఒకే ట్యూబును రెండు పక్కలకు పంచితే మందు సగమే అందుతుంది, పైగా ఒక పక్క సూక్ష్మజీవి రెండో పక్కకు చేరుతుంది. ముక్కు కొన రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే లోపలికి పోవాలి, మొత్తం దూరిస్తే చన్ను రంధ్రం లోపలి పొర చిరుగుతుంది. ట్యూబు మీద రాసిన పాలు ఆపే గడువు ఆవుది. మేకలో మందు ఇంకా ఎక్కువ రోజులు ఉండొచ్చు, ఎన్నాళ్లో డాక్టరుతో రాయించుకోండి. ఒక పక్కకే ఎక్కించినా రెండు పక్కల పాలూ ఆపాలి, మందు రక్తంలోకి పోయి అటు కూడా వస్తుంది.

పిండే వరస ఈ రోజు నుంచే మార్చండి: ముందు తొలి ఈతవి, తర్వాత సమానంగా ఉన్నవి, ఆఖర్న ఈ నాలుగు. అందరికీ ఒకే గుడ్డ వద్దు, మేకకొక కాగితం. వేళ్లు పాలలో గానీ నూనెలో గానీ ముంచి పిండే అలవాటుంటే మాన్పించండి, సూక్ష్మజీవిని చన్ను కొన మీద పూసినట్టే అవుతుంది. బొటనవేలు మడిచి లాగే పిండుడు కూడా వద్దు, నిండు పిడికిలితో పిండాలి. పిండాక చన్నును 5 శాతం పోవిడోన్ అయోడిన్‌లో ముంచండి. షాపులో దొరికేది 10 శాతం అయితే అంతే నీళ్లు కలపండి. మీ దగ్గర పిల్లలు వెంటనే తాగుతాయి కాబట్టి పొద్దున ముంచినా నిలవదు, సాయంత్రం పిల్లలను విడదీసి కట్టేటప్పుడు ముంచండి. ముంచాక మేత వేసి అరగంట నిలబెట్టండి, చన్ను రంధ్రం మూసుకోకముందే వాన తడి నేల మీద పడుకుంటే చేసినదంతా పోతుంది.

పాలు అమ్మడం గురించి: ఆ నాలుగు మేకల పాలు క్యాన్‌లో కలపకండి. కాచి తాగుతారు కదా అనుకోవద్దు, ఆరియస్ వదిలిన విషం మరిగించినా పోదు. డెంగీకి పచ్చిగా తాగాలని అడిగేవాళ్లకు ఏ మేక పాలైనా సరే పచ్చిగా ఇవ్వకండి, ఇచ్చేటప్పుడే కాచి తాగమని చెప్పండి. ఆ నాలుగిటి పిల్లలను సొంత తల్లి దగ్గరే ఉంచండి. ఒక పిల్ల నోటితో రెండు మేకల చన్నులు తాగితే మీ చేతులు ఎంత కడిగినా జబ్బు దాటిపోతుంది.